డేగ కింద కుర్చీ

పక్షిని కూడా తూకం వేస్తారని జ్ఞానప్రసూనకు ఆ శుక్రవారం పొద్దునే తెలిసింది. పచారీ కొట్లో ఉండేలాంటి చిన్న త్రాసు. దాని మీద పళ్లెం బదులు గడ్డిచాప ముక్క చుట్టిన అడ్డకర్ర బిగించారు. మనవరాలు అలేఖ్య ఎడమచేతికి మోచేతి దాకా తోలు తొడుగు వేసుకుని, దాని మీద డేగను మోసుకొచ్చి, కర్రకు చెయ్యి ఆనించి నిలబడింది. డేగ కాసేపు ఆలోచించింది. తరవాత ఒక కాలు, ఆపైన ఇంకో కాలు కర్ర మీదికి మార్చింది.

"తొమ్మిది వందల పద్దెనిమిది గ్రామ్స్," అని గోడకున్న పలక మీద రాసింది అలేఖ్య. "పర్ఫెక్ట్ అమ్మమ్మా. నైన్ సిక్స్‌టీ దాటితే మేబెల్ మాట వినదు. ఆకలి లేకపోతే రాదు."

"మీ తాతయ్యా అంతేనే. ఆకలేస్తే తప్ప వంటింటి వైపు వచ్చేవారు కాదు," అంది జ్ఞానప్రసూన.

జాలీ తలుపు అవతల నిలబడి చూస్తోంది ఆవిడ. రెండు చేతుల్లోనూ పులిహోర డబ్బా. డేగ రెక్కల మొదట్లో తుప్పు రంగు, కింద నల్లటి ఒళ్లు, తోక చివర తెల్ల అంచు. ఆ తుప్పు రంగు చూడగానే ఆవిడకు ఇంకేమీ అక్కర్లేకపోయింది. చేతులు ఖాళీ లేక తలవంచే దణ్ణం పెట్టుకుంది.

"సాక్షాత్తూ గరుత్మంతుడే."

"అది ఆడది అమ్మమ్మా."

"అయితే ఏం, ఆయన ఇంటావిడ అనుకుంటాను," అంది జ్ఞానప్రసూన తడుముకోకుండా.

కూతురు వాళ్లుండే ఫ్రిస్కో నుంచి గంట దూరంలో, మొక్కజొన్న కోసేసిన పొలాల మధ్య ఉంది ఆ చిన్న జూ. పులులూ సింహాలూ ఏమీ లేవు. దెబ్బలు తగిలి ఎవరో తెచ్చి ఇచ్చిన డేగలు, గుడ్లగూబలు, వందేళ్లు దాటిందని చెప్పుకునే తాబేలు, ఒక ముళ్లపంది, లెక్కలేనన్ని మేకలు. పదహారేళ్ల అలేఖ్య ఎనిమిది నెలలుగా శనివారం శనివారం ఇక్కడికొచ్చి మేకల పెంటికలు ఎత్తుతోంది. ఇంట్లో తాగిన గ్లాసు తీసి సింకులో పడెయ్యని పిల్ల ఇక్కడ తొట్లు కడుగుతుందంటే తల్లి రాగిణికి ఇప్పటికీ నమ్మకం కలగదు. మేకల తరవాత పక్షుల గూళ్లు, గూళ్ల తరవాత వాటికి మాంసం ముక్కలు కొయ్యడం, అదీ అయ్యాక చేతి మీద పెట్టుకుని తిప్పడం. ఆ మెట్లన్నీ ఎక్కి, 2012 థాంక్స్‌గివింగ్ మర్నాడు, సెలవు జనం అంతా వచ్చే రోజున, మొదటిసారిగా నలుగురి ముందు డేగను ఎగరేసే వంతు వచ్చింది. పక్షుల పనులన్నిటికీ పెద్ద వాల్ట్ అనే ఆయన. డెబ్బై ఏళ్లుంటాయి, నడుం వంగింది, వేళ్ల నిండా పాత గాట్లు. ఇవాళ సవ్యంగా జరిగితే ఆ తొడుగు నీదే అన్నాడట. జరక్కపోతే మళ్లీ మేకల దగ్గరికే.

"షోలో కొన్ని రూల్స్ ఉంటాయి అమ్మమ్మా. నాకు ఇప్పుడు టైమ్ లేదు. డాడీకి అన్నీ చెప్పాను, డాడీ నీకు తెలుగులో చెప్తారు," అంటూ అలేఖ్య డేగను లోపలి గదిలోకి తీసుకుపోయింది.

డాడీ అంటే ఫణికుమార్. ఇంటికి ఒక్కగానొక్క అల్లుడు. పేరు పెట్టి పిలవడం, ఎదురుగా కుర్చీలో కూర్చోవడం జ్ఞానప్రసూనకు అలవాటు లేని పనులు. పద్దెనిమిదేళ్లుగా "బాబూ" అనీ "మీరు" అనీ, అదీ అవసరమైతేనే. మిగిలినవన్నీ రాగిణి ద్వారా నడిచిపోతాయి. అమెరికా వచ్చినా ఆ లెక్క మారలేదు. ఒకే కారులో గంటసేపు ప్రయాణం చేసి, "ఏసీ ఎక్కువైందేమో అడగవే," అని కూతురి చెవిలో చెప్పే మనిషి ఆవిడ.

అయినా ఆ పొద్దున్న ఫణి ఆవిడ చేతులకేసి చూసి, కారు డిక్కీలోంచి తన తోటపని గ్లోవ్స్ తెచ్చిచ్చాడు. గోధుమరంగు తోలువి. "చలి బాగా ఉంది అత్తయ్యగారూ, ఇవి వేసుకోండి. పెద్దవైనా పర్లేదు," అన్నాడు. వేసుకుంటే ఆవిడ చేతులు ఎవరివో అన్నట్టున్నాయి. కానీ వెచ్చగా ఉన్నాయి. మంచివాడు, అని అనుకుంది మనసులో, పద్దెనిమిదేళ్లలో ఎన్నోసారో.

చెక్క బెంచీలు మెట్లుమెట్లుగా ఉన్నాయి. ఫణికి ఆఫీసు ఫోను రావడంతో ఆలస్యమై, అందరికంటే పైన, చివరి వరస దొరికింది. రాగిణి హాట్ చాక్లెట్ తెస్తానని కిందికి వెళ్లింది. ఫణి మెట్లెక్కిన వేడికి జాకెట్ విప్పి మోచేతి మీద వేసుకుని, బెంచీ చివర పక్కకు తిరిగి నిలబడి, "రోల్‌బ్యాక్ చెయ్యండి, ముందు రోల్‌బ్యాక్ చెయ్యండి," అని ఇండియాలో ఎవరికో చెబుతున్నాడు. ఆ సమయంలోనే వాల్ట్ మైకులో ఏదో చెప్పాడు. జనం నవ్వి, చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. జ్ఞానప్రసూన అది చూసింది గానీ, చలికి కాబోలు అనుకుంది.

అలేఖ్య బెంచీల వెనక దిబ్బ మీద, వాల్ట్ ఎదురుగా మైదానం చివర. ఆ పిల్ల చెయ్యి ముందుకు విసిరింది. డేగ బెంచీల మీదుగా ఎంత కిందుగా వచ్చిందంటే ముందు వరస తెల్లపిల్లలు మెడలు ముడుచుకున్నారు. వాల్ట్ చేతి మీద వాలింది, మాంసం ముక్క తింది. చప్పట్లు. వాల్ట్ దాన్ని మళ్లీ వదిలాడు. ఈసారి అది ఎండకు ఎదురుగా, రెక్కలు బారజాపి, జ్ఞానప్రసూన కంటికి నేరుగా వచ్చింది. ఆకాశంలో గరుడపక్షి కనబడితే ఏ పనిలో ఉన్నా ఆపి దణ్ణం పెట్టడం ఆవిడకు పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటు. పెరట్లో బట్టలు ఆరేస్తూ పెట్టింది, అనకాపల్లి బస్టాండులో సంచీలు కిందపెట్టి మరీ పెట్టింది. ఇక్కడ మాత్రం ఆలోచిస్తుందా? రెండు చేతులూ జోడించి నెత్తిమీదికి ఎత్తింది.

డేగకు తెలిసింది ఒకటే. ఎత్తిన తోలు చెయ్యి కనిపిస్తే వాలాలి. వచ్చి ఆ జోడించిన చేతుల మీద వాలింది.

కిలో కందిపప్పు పొట్లమంత బరువు. జ్ఞానప్రసూన భయపడలేదు. భయపడాలని కూడా ఆవిడకు తోచలేదు. చేతులు మెల్లగా గుండెల దాకా దించింది. డేగ ఆవిడ వేళ్ల సందుల్లో ముక్కు పెట్టి వెతికింది. ఏమీ లేకపోయేసరికి, కూర వడ్డించని విస్తరి ముందు కూర్చున్న పెళ్లివారి మనిషిలా ఆవిడ మొహంలోకి చూసింది. అరవై నాలుగేళ్ల జీవితంలో దేవుడు తనను ఇంత దగ్గర్నుంచి చూడలేదని ఆవిడకు అనిపించింది. నవ్వుతుండగానే కళ్లనిండా నీళ్లు వచ్చాయి.

అప్పుడే ఫణి ఫోనులోంచి ఇటు తిరిగాడు. తిరగడం, చేతిమీది జాకెట్‌తో డేగను ఒక్క దెబ్బ కొట్టడం రెండూ ఒక్కసారే జరిగాయి. ఆవిడ చెంపకు రెక్క తగిలింది. డేగ కీచుమని అరిచి, గూళ్ల కప్పు మీదుగా, రోడ్డు దాటి వెళ్లిపోయింది.

*

కింద వరసలవాళ్లు వెనక్కి తిరిగేసరికి అంతా అయిపోయింది. వాల్ట్ కళ్లకు ఎదురెండ. అలేఖ్యకు తండ్రి వీపు తప్ప ఏమీ కనబడలేదు. రాగిణి చాక్లెట్ వరసలో ఉంది. జాకెట్ దెబ్బ చూసింది జ్ఞానప్రసూన ఒక్కతే.

త్రాసు ఉన్న గదిలోకి నలుగుర్నీ పిలిచాడు వాల్ట్. కేకలేం వెయ్యలేదు. ఏం జరిగిందని అలేఖ్యను అడిగాడు. అలేఖ్య తలవంచుకుని, తెలియదంది. జ్ఞానప్రసూన అల్లుడికేసి చూసింది. ఫణి ఫోనుకేసి చూసుకుంటున్నాడు. అల్లుణ్ని పరాయివాళ్ల ముందు మాట అనడం అనేది ఆవిడ ఎరిగిన లోకంలో లేదు. ఆ మాట అన్నాక కూతురింట్లో మిగిలిన నాలుగు నెలలూ ఏ మొహం పెట్టుకుని అన్నం తినడం?

"నేనే చేతులెత్తి బెదరగొట్టానని చెప్పవే ఆయనకి. నీ తప్పేం లేదని చెప్పు," అంది మనవరాలితో.

అలేఖ్య చెప్పింది. వాల్ట్ ఆవిడ వైపు తిరిగి ఎంతో మర్యాదగా ఏదో అన్నాడు. తరవాత అలేఖ్యతో ఇంకేదో అన్నాడు. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి.

"ఏమంటాడే?"

రాగిణి చెప్పింది. "నీ తప్పు కాదంటున్నాడమ్మా. వచ్చినవాళ్లకు ఏం తెలుస్తుంది, చేతులెత్తకుండా చూసుకోవాల్సింది పక్షిని పట్టుకున్నవాళ్లేనంట. సొంత అమ్మమ్మకే చెప్పనిదానివి రేపు ఊళ్లోవాళ్లకేం చెప్తావని అలేఖ్యను అడుగుతున్నాడు. ఎండాకాలం దాకా గ్లోవ్ ముట్టుకోవద్దన్నాడు."

తన మీద వేసుకుందామనుకున్న తప్పు తిన్నగా వెళ్లి మనవరాలి నెత్తిన పడింది.

అక్కడితో అయిపోలేదు. ఆ జూలో ఒక కట్టుబాటు ఉంది. పక్షిని ఎవరు పోగొడితే వాళ్లు, అది ఎక్కడ వాలిందో దాని కింద కుర్చీ వేసుకుని, పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దుగూకే దాకా కూర్చోవాలి. దిగివస్తే సరే. రాకపోతే మర్నాడూ కూర్చోవాలి. వాల్ట్ కూడా చిన్నతనంలో పదకొండు రోజులు కూర్చున్నాడట. మేబెల్ రోడ్డవతల హైస్కూలు ఫుట్‌బాల్ గ్రౌండులో లైట్ల స్తంభం మీద ఉంది. దాని కాళ్లకు తోలు పట్టీలున్నాయి. అవి ఏ తీగకో చిక్కుకుంటే తలకిందులుగా వేలాడి చచ్చిపోతుంది. దాన్ని దించే దాకా వాడుకోమని వాల్ట్ పాత తొడుగొకటి ఇచ్చాడు. అలేఖ్య నీలం రంగు మడత కుర్చీ ఒకటి తెచ్చుకుని స్తంభం కింద వేసుకుంది.

చీకటి పడి డేగ కళ్లు మూసుకున్నాక బయల్దేరారు. పులిహోర డబ్బా మూత తియ్యలేదు. కారులో ఫణి అన్నాడు. "నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా, ఈ బర్డ్స్ గొడవ వద్దని. కాలేజీకి ఎస్‌ఏటీ పరీక్ష పెట్టుకుని ఇదంతా అవసరమా? ఒక పని ఒప్పుకున్నప్పుడు రెస్పాన్సిబుల్‌గా ఉండాలి."

అలేఖ్య కిటికీలోంచి బయటికి చూస్తోంది. జ్ఞానప్రసూన అల్లుడి తలవెనక భాగాన్ని గంటసేపు చూస్తూ కూర్చుంది.

*

శనివారం రాగిణికి ఆస్పత్రి ఫార్మసీలో డ్యూటీ. ఫణి తెల్లవారకముందే అమ్మమ్మనూ మనవరాల్నీ గ్రౌండు దగ్గర దింపి, ఆఫీసు పనుందని వెళ్లిపోయాడు. జ్ఞానప్రసూన గడ్డిమీద దుప్పటి పరిచి కూర్చుంది. కుర్చీలో కూర్చోమని అలేఖ్య ఎంత బతిమాలినా వినలేదు.

పని అంటూ పెద్దగా ఏమీ లేదు. పావుగంటకోసారి అలేఖ్య లేచి, తొడుగు వేళ్ల మధ్య కౌజుపిట్ట మాంసం ముక్క పెట్టి చెయ్యెత్తి ఈల వేస్తుంది. మేబెల్ తల వంచి చూస్తుంది. ఒకసారి రెక్కలు కూడా విప్పింది. గాలి అటువైపు నుంచి గట్టిగా కొట్టడంతో మళ్లీ ముడుచుకుంది. నల్లపిట్టలు గుంపుగా వచ్చి దాని నెత్తిమీద పొడవబోతే అలేఖ్య కింద నుంచి చప్పట్లు కొట్టి వాటిని తోలింది. మధ్యాహ్నం డేగ ఉన్నట్టుండి గ్రౌండు చివర గడ్డిలోకి దూకి, దేన్నో పట్టుకుని పైకెగిరింది. ఎలుక. తీరిగ్గా తినేసింది.

"ఇంక ఇవాళ రాదు," అంది అలేఖ్య. "కడుపు నిండిపోయింది."

పిల్ల పెదవులు చలికి చిట్లిపోయాయి. జ్ఞానప్రసూన చేతిసంచీలోంచి వెన్న డబ్బా తీసి రాసింది. వెన్న ఎందుకు తెచ్చావని అలేఖ్య అడగలేదు. అమ్మమ్మ సంచీలో ఏదైనా ఉంటుంది.

"నాన్నకు నువ్వు చెప్పావు కదే, నాకు చెప్పమని. ఆ మాట వాల్ట్‌తో ఎందుకనలేదు?"

అలేఖ్య మాంసం ముక్కను వేళ్ల మధ్య సరిచేసుకుంది.

"వాల్ట్ అడిగాడు. యువర్ ఫ్యామిలీకి చెప్పావా అని. డాడీకి చెప్పాను అంటే డాడీ అందరి ముందు బ్యాడ్ అవుతారు కదా అమ్మమ్మా. సో, చెప్పలేదు అన్నాను."

జ్ఞానప్రసూన వెన్న డబ్బాకు మూత పెట్టింది. సరిగ్గా పడలేదు. తీసి మళ్లీ పెట్టింది. ఈ పిల్ల పుట్టింది ఇక్కడే, పెరిగింది ఇక్కడే. తెలుగు మాటలకు తోకలు కూడా సరిగ్గా తగిలించలేదు. తనలాగే అదీ ఆ మనిషి పరువును కాపాడుతోంది. తేడా అల్లా, తను దుప్పటి మీద కూర్చుంది, అది కుర్చీలో కూర్చుంది. పరువు కాపాడటం అనేది తనకిన్నాళ్లూ మంచి పనిగానే కనిపించేది. ఇప్పుడు దానిమీద కోపం వచ్చింది. మొదట తనమీద, తరవాత అల్లుడిమీద.

సాయంత్రం వాల్ట్ రెండు కాగితపు గ్లాసుల్లో వేడి కాఫీ తెచ్చిచ్చి, ఏమీ అడక్కుండా కాసేపు నిలబడి వెళ్లాడు. నిన్న అంత నష్టం చేసిన ముసలమ్మకు ఇవాళ కాఫీ. ఆ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఇంతమంది మంచివాళ్ల మధ్య అబద్ధం ఒక్కటే చెడ్డగా ఉందని అనుకుంది జ్ఞానప్రసూన.

*

ఆ రాత్రి భోజనాలయ్యాక అలేఖ్య పడుకుంది. రాగిణి స్నానానికి వెళ్లింది. ఫణి వంటింట్లో గిన్నెలు కడిగి డిష్‌వాషర్‌లో సర్దుతున్నాడు. జ్ఞానప్రసూన గుమ్మం దగ్గర నిలబడింది. మామూలుగా అయితే అల్లుడు వంటింట్లో ఉంటే ఆవిడ అటు రాదు.

"బాబూ, ఒక మాట."

ఫణి నీళ్ల కుళాయి కట్టేశాడు.

"రేపు పొద్దున నేను ఆ పెద్దాయనతో చెప్తాను. జాకెట్ సంగతి. మీకు చెప్పకుండా చెప్పడం మర్యాద కాదని ముందుగా చెప్తున్నాను. నాకు ఇంగ్లీషు రాదు గానీ, కోటు ఊపి చూపిస్తే ఆయనకు అర్థమవుతుంది." ఆవిడ పమిట కొంగు సర్దుకుంది. "తిలాపాపం తలా పిడికెడు అంటారు. మనం పిడికెళ్లన్నీ తీసుకెళ్లి పసిదాని ఒళ్లో పోశాం."

ఫణి చేతిలో కంచం అలాగే ఉంది. దాని అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"కన్ను అత్తయ్యగారూ," అన్నాడు.

"ఏమిటి బాబూ?"

"మీ ఎడమ కన్ను. ఇక్కడికొచ్చే ముందు, సెప్టెంబర్‌లో ఆపరేషన్ అయింది కదా. మొన్న మొన్నటి దాకా చుక్కలు వేసుకున్నారు. నేను ఇటు తిరిగేసరికి దాని ముక్కు సరిగ్గా అక్కడుంది. నాకింకేం కనబడలేదు." కంచాన్ని కింద పెట్టాడు. "పొడిచిందనే అనుకున్నాను. కొట్టాక చూస్తే మీరు నవ్వుతున్నారు."

జ్ఞానప్రసూన గుమ్మాన్ని పట్టుకుంది. ఆ చుక్కల మందుకు రోజుకు నాలుగుసార్లు వేళ తప్పకుండా అలారం మోగింది ఈ మనిషి ఫోనులోనే. ఆఫీసు నుంచి కూడా రాగిణికి ఫోన్ చేసి, వేశావా అని అడిగేవాడు. ఆవిడకు అది తెలుసు. తెలిసి కూడా రెండు రోజులుగా ఆయన తల వెనక భాగాన్ని తిట్టుకుంటూ కూర్చుంది.

"మరి ఆ గదిలో ఎందుకు ఊరుకున్నారు బాబూ?"

"వాల్ట్ అడిగినప్పుడు చెప్దామనే అనుకున్నా. ఈలోగా మీరే చేతులెత్తానన్నారు. ఒక్క నిమిషం ఊరుకున్నాను. ఆ ఒక్క నిమిషం దాటాక ఇంక నోరు రాలేదు. కారులో దానిమీద అరిచాక అసలు రాలేదు." ఫణి సింకుకేసి చూస్తూ అన్నాడు. "అది నన్ను మీకు చెప్పమంది. ఫోన్ వచ్చింది, మర్చిపోయాను. అదీ నేనే."

ఇంతకుముందెప్పుడూ ఆయన ఆవిడతో ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడలేదు.

"నా కన్ను కోసం కొట్టారు. దానికి ఈ జన్మలో మిమ్మల్ని తప్పుపట్టను," అంది జ్ఞానప్రసూన. "కానీ రేపు పొద్దున మళ్లీ ఆ పిల్ల వెళ్లి చలిలో కూర్చుంటుంది. చెప్పకుండా నేనుండలేను."

ఫణి కుళాయి తిప్పాడు. ఆవిడ తన గదిలోకి వచ్చి కూర్చుంది. కోపం కోసం వెతుక్కుంటే కనిపించలేదు. దాని చోట ఇంకేదో ఉంది, దానితో ఏం చెయ్యాలో ఆవిడకు తెలియలేదు.

*

ఆదివారం రాగిణి లేపింది. "అమ్మా, ఆయన లేరు. కారూ లేదు. ఫోన్ తియ్యట్లేదు."

రాగిణి కారులోనే ముగ్గురూ బయల్దేరారు. దారిపొడుగునా రాగిణి అడుగుతూనే ఉంది. నిన్న ఏమన్నా అన్నావా అమ్మా, ఏమన్నా జరిగిందా అని. జ్ఞానప్రసూన ఉప్మా గిన్నెను దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని రోడ్డుకేసి చూస్తోంది. తొందరపడ్డానేమో, అల్లుడి మనసు విరిగిందేమో అని భయం పట్టుకుంది. కూతురి కాపురంలో ఇన్నేళ్లూ ఒక్క పుల్ల కూడా పెట్టలేదు. వచ్చి రెండు నెలలు కాకుండానే ఎంత పని చేశాను అనుకుంది.

గ్రౌండు చేరేసరికి తూర్పున తెల్లబడుతోంది. గడ్డి మీద మంచు పేరుకుంది. స్తంభం కింద నీలం కుర్చీలో ఎవరో కూర్చుని ఉన్నారు. జాకెట్ మీద జాకెట్, నెత్తిన మంకీ క్యాప్. ఆ మంకీ క్యాప్ జ్ఞానప్రసూనదే, అనకాపల్లి నుంచి తెచ్చుకున్నది. పక్కన వాల్ట్ ప్యాంటు జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడి పైకి చూస్తున్నాడు.

"డాడీ?" అంది అలేఖ్య.

ఫణి లేవలేదు. "వాల్ట్‌కి చెప్పేశాను అలేఖ్యా. నేనే కొట్టానని. నువ్వు నాకు రూల్స్ చెప్పావని, నేను అమ్మమ్మకి చెప్పలేదని కూడా చెప్పాను." కాస్త ఆగి అన్నాడు. "కారులో అన్న మాటలకి సారీ. ఈ కుర్చీ నాది. నువ్వు పోయి దాన్ని పిలువు."

రాగిణి మొగుడికేసీ తల్లికేసీ మార్చి మార్చి చూసింది. ఆమెకు సగమే అర్థమైంది. మిగతా సగం ఇంటికెళ్లాక అడిగే తీరులో ఉంది.

వాల్ట్ అలేఖ్యతో నెమ్మదిగా మాట్లాడాడు. రాగిణి తల్లికి చెప్పింది. "ఇంకోసారి నీ మాట ఇంకొకరి చేత పంపొద్దు, నువ్వే వెళ్లి చెప్పు అంటున్నాడమ్మా. అదొక్కటే దాని తప్పంట. పోగొట్టినవాళ్లు కూర్చోవాలి, ఎగరేసేవాళ్లు పిలవాలి, ఇక్కడి పద్ధతి ఇదే అంటున్నాడు." వాల్ట్ తన సంచీలోంచి శుక్రవారం నాటి తొడుగు తీసి అలేఖ్య చేతికిచ్చాడు.

అలేఖ్య గ్రౌండు మధ్య తెల్లగీత దాకా నడిచింది. గాలి లేదు. ముక్క పెట్టి, చెయ్యెత్తి, ఈల వేసింది. జ్ఞానప్రసూన రెండు చేతులూ చంకల్లో దోపుకుని బిగించేసింది. ఏ దేవుడొచ్చినా ఇవాళ అవి బయటికి రావు.

మేబెల్ ఒళ్లు దులుపుకుంది. ఒకసారి అటు చూసింది, ఒకసారి ఇటు చూసింది. అంత ఎత్తు నుంచి రెక్క ఆడించకుండా జారుకుంటూ వచ్చి, ఆఖర్న కొంచెం పైకి లేచి, అలేఖ్య చేతి మీద దిగింది. ముక్క తింది. అలేఖ్య వేళ్లు కాలి పట్టీలను చుట్టి పట్టుకున్నాయి. అప్పటిదాకా ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది. డేగకు అడ్డం రాకుండా, మొహం ఒక పక్కకు తిప్పుకుని ఏడ్చింది. వాల్ట్ దగ్గరికి వెళ్లాడు గానీ పక్షిని తీసుకోలేదు. నువ్వే తీసుకుపో అన్నట్టు జూ వైపు చెయ్యి చూపించి, తను వెనక నడిచాడు. రాగిణి కన్నీళ్లు తుడుచుకుంటూ వాళ్ల వెంట పరుగెత్తింది.

గ్రౌండులో ఇద్దరే మిగిలారు.

ఫణి లేవబోయాడు. కాళ్లు లేవలేదు. అయిదింటి నుంచీ మంచులో కూర్చున్న మనిషి. మోకాళ్లు బిగుసుకుపోయాయి, కుర్చీ చూస్తే నేలకు జానెడెత్తున ఉంది. చేతిపిడుల మీద బరువు వేసి ఇంకోసారి ప్రయత్నించాడు, గుడ్డ కుర్చీ పక్కకు ఒరిగింది. ఆయన సిగ్గుపడి, నవ్వి, మళ్లీ కూర్చున్నాడు.

జ్ఞానప్రసూన ఉప్మా గిన్నెను గడ్డి మీద పెట్టింది. పెళ్లిలో ఈయన కాళ్లు కడిగినప్పుడు నీళ్లు పోసింది ఆవిడే. కడిగింది మాత్రం ఆయన మామగారు. ఈ పద్దెనిమిదేళ్లలో కాఫీ గ్లాసు ఇచ్చినా బల్ల మీదే పెట్టింది తప్ప చేతికివ్వలేదు. నాలుగడుగులు వేసి ఎదురుగా వెళ్లి నిలబడింది. చంకలోంచి కుడిచెయ్యి తీసి ముందుకు చాపింది.

ఫణి ఆ చేతిని చూశాడు. పట్టుకున్నాడు. మంచుగడ్డలా ఉంది ఆయన చెయ్యి. ఆవిడ రెండో చెయ్యి కూడా దాని మీద వేసి, పాదాలు నేలకు తన్నిపెట్టి, ఒక్క ఊపున లాగింది.

"లేవండి బాబూ," అంది. "ఉప్మా చల్లారిపోతోంది."